బాపిరాజు గారి పదకొండు మంది గురువులు

"సోమవారం నుంచి మన బ్రాండే," అన్నాడు బాపిరాజు ఫోన్లో భార్యతో, దిల్‌సుఖ్‌నగర్ కాంప్లెక్స్ మెట్లు దిగుతూ. టీ గ్లాసులతో ఎదురొస్తున్న జానయ్య చెవిలో పడేసరికి అది "సోమవారం బందే" అయి కూర్చుంది. జానయ్యను తప్పుపట్టే వీల్లేదు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో ఎవరైనా 'బ' అంటే చాలు, మిగతా మాట చెవే పూర్తిచేసుకునేది. బస్సూ బడీ బ్యాంకూ బజారూ ఆ అక్షరంతోనే మొదలై ఆ మాటతోనే ముగిసేవి.

"సోమారం బందంట. పైన రాజుసారే చెప్పిండు," అన్నాడు జానయ్య కింద తన టీకొట్టులో. ఎవరిచ్చిన బంద్ అని ఎవరూ అడగలేదు. వీధికో జేఏసీ ఉన్న కాలం. అడిగితే అభిమానం తక్కువనుకుంటారు. సాయంత్రానికి జిరాక్సు షాపు నుంచి గాజుల కొట్టు దాకా కబురు పాకింది. పై అంతస్తులోని బాపిరాజు దాకా మాత్రం ఎక్కలేదు.

ఇక ఆ బ్రాండు సంగతి. బాపిరాజు భీమవరం వైపు నుంచి వచ్చి, ఆ మేడ మీద దుకాణం లెక్కలు కంప్యూటర్లో రాసే ట్యాలీ నేర్పుతుంటాడు. నేర్చుకోవలసిన పిల్లలు ఊరేగింపుల్లో ఉన్నారు. హాల్లో బెంచీలు బెంగపెట్టుకున్నాయి. బిల్డింగు యజమానురాలు అండాలమ్మ నల్లగొండ నుంచి వచ్చి ఇటుక మీద ఇటుక పెట్టి కట్టుకున్న మనిషి. ఒకరోజు పైకొచ్చి, "సారూ, బతుకమ్మ దాక చూస్త. గప్పటికి గీ బెంచీలు నిండకపోతె బ్యూటీ పార్లరోల్లకు ఇస్త. ఖాళీ బెంచీలు చూస్తుంటె నా బిల్డింగు నన్నే ఎక్కిరిస్తున్నట్టున్నది," అని చెప్పి వెళ్లింది.

బాపిరాజు ఇంటర్నెట్‌ను శరణు వేడాడు. అక్కడ వ్యాపారం పెంచే విద్య చెప్పే గురువులు పుట్టలు పుట్టలుగా ఉన్నారు. ఈమెయిల్ అడ్రసిస్తే చాలు, జ్ఞానం ఇంటికే పంపుతారు. పదకొండు మందికి ఇచ్చాడు. ఆ రోజు నుంచీ ఆయనకు రోజూ ఏకాదశే, ఫలితం దగ్గర మాత్రం ఉపవాసం.

ఒకాయన కస్టమర్లకు దినం తప్పకుండా రాయమన్నాడు. ఇంకొకాయన వారానికి ఒకసారికి మించితే మొహం మొత్తుతుందన్నాడు, ఆ సంగతి రోజూ రాశాడు. మూడో ఆయన ఈ రాత్రితో తలుపులు మూస్తున్నానని బెదిరించి, తెల్లారేసరికి పాలబూత్ కన్నా ముందు తెరిచేవాడు. నాలుగో ఆయన వ్యాపారమంతా తన కుక్క దగ్గర నేర్చుకున్నానని వారం వారం దాని కథలు చెప్పేవాడు. పేరు రాయమన్నచోట మన అలవాటు ప్రకారం బాపిరాజు ఇంటిపేరు ముందు రాశాడు కాబట్టి, అందరూ ఆయన్ను "డియర్ కలిదిండీ" అని ఆప్యాయంగా పిలిచేవాళ్లు. మెయిల్ మీద మెయిలు వస్తోంది, మేలు మాత్రం మైలు దూరంలోనే ఆగిపోయింది.

పదకొండు మందిని ఒక్కరికి కుదించి, ఆ ఒక్కరి మాట కళ్లుమూసుకుని వినాలని నిర్ణయించాడు. ఎవరా ఒక్కరు? తేల్చుకోవడానికి ఆయనకు తెలిసిన కొలబద్ద ఒకటే, దిల్‌సుఖ్‌నగర్ కొలబద్ద. ఇక్కడ తల్లిదండ్రులు కోచింగు సెంటరును ఎలా ఎంచుతారు? ఫ్లెక్సీ మీద ఎవరికి ర్యాంకర్ల ఫొటోలు ఎక్కువుంటే వాళ్ల దగ్గర చేరుస్తారు. బాపిరాజు కూడా గురువుల మెయిళ్లలో 'మీ వల్లే బాగుపడ్డాం' అంటున్న మొహాలు లెక్కపెట్టాడు. ఏడో గురువు గెలిచాడు. మిగతా పది మందినీ చెత్తబుట్టలో పడేశాడు.

ఏడో గురువు మాట: ప్రచారం కాదు, బ్రాండు కావాలి. నీవల్ల పైకొచ్చిన మొహాన్ని పెద్దది చేసి వీధికి చూపించు. బాపిరాజు వెంటనే, ఒకప్పుడు తన సెంటరుకొచ్చి ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్న జ్యోతిక ఫొటో ఫ్లెక్సీకి ఇచ్చాడు.

ఆదివారం ఎల్బీనగర్‌లో వాళ్లింట్లో భార్య సూర్యప్రభ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కంప్యూటర్‌లోకి తొంగిచూసింది.

"ఏవండీ, ఈ బట్టతలాయన మూడో గురువుగారి దగ్గర కూడా బాగుపడ్డాడు కదూ? అక్కడ పేరు పీటర్, ఇక్కడ పాల్."

"బట్టతలలన్నీ ఒకలాగే ఉంటాయి."

"బట్టలు కూడానా? ఆ చిలకల చొక్కా చూడండి."

బాపిరాజు చెత్తబుట్ట తిరగేశాడు. చిలకలు మూడో గురువు దగ్గరా ఉన్నాయి, ఐదో గురువు దగ్గరా ఉన్నాయి.

"అచ్చం మన జ్యోతికలాగేనండీ," అంది సూర్యప్రభ, ఏ దురుద్దేశమూ లేకుండా.

గురువులను తిట్టబోయిన బాపిరాజు, నోటిదాకా వచ్చిన మాటలన్నీ తనకే సరిగ్గా సరిపోతున్నాయని చూసి మింగేశాడు. అల్మాస్‌గూడ పిల్ల జ్యోతిక ఆయన దగ్గరకొచ్చింది మూడు రోజుల ఉచిత డెమోకి. తర్వాత తన తంటాలేవో తను పడి బ్యాంకు ఉద్యోగం తెచ్చుకుంది. డెమో ఫారానికి అంటించిన ఫొటో మాత్రం ఇక్కడే ఉండిపోయింది. అలాంటి డెమో ఫొటోలే పక్క సందుల్లో ఇంకో రెండు సెంటర్ల దగ్గరా ఉండిపోయాయి.

ఫ్లెక్సీ అప్పటికే కట్టేశారు.

సోమవారం పొద్దున బాపిరాజు వచ్చేసరికి రోడ్డు మీద బస్సులు మామూలుగానే తిరుగుతున్నాయి, కాంప్లెక్స్‌లో మాత్రం షట్టర్లన్నీ సగం దించి ఉన్నాయి. బంద్ మర్యాద అది: పైసగం ఉద్యమానికి, కింది సగం గిరాకీకి. గిరాకీ లేని దుకాణదారులంతా ఫ్లెక్సీ కింద చేరారు. అండాలమ్మ కుర్చీ వేయించుకుంది. సరిగ్గా అప్పుడే బ్యాంకుకు పోతున్న జ్యోతిక ఆటో దిగింది.

"నమస్తే సార్. రెండంతస్తులు పెంచిండ్రు గద నన్ను."

బాపిరాజు నమస్కారం నడుం దగ్గరే ఆగిపోయింది.

"పక్క సందుల గూడ నేనే ఉన్న సార్. గాడ గ్రూప్ టూ కొట్టిన్నంట. మా అమ్మ చూసొచ్చి, నాకెందుకు చెప్పలేదని అలిగింది."

జనం నవ్వారు. అండాలమ్మ నవ్వలేదు. "బిడ్డా, నిజం చెప్పు. గీ సారు నీకు ఏం నేర్పిండు?"

అందరూ పిల్ల వైపు చూశారు. బాపిరాజు హాలు వైపు చూశాడు. బ్యూటీ పార్లరు అద్దాలు అప్పుడే బిగించినట్టు కనిపించాయి. ఐనా ఆయనే ముందు నోరు విప్పాడు.

"మూడు రోజుల డెమోకి వచ్చిందండీ, అంతే. ఉద్యోగం తనే తెచ్చుకుంది. నా గొప్పేం లేదు, ఫ్లెక్సీ దింపించేస్తాను."

"గా మూడు దినాలు కరెంటు గూడ లేకుండె," అంది జ్యోతిక. "సార్ బోర్డు మీద కంప్యూటరు బొమ్మ గీసి చెప్పిండు." ఆటో ఎక్కబోతూ ఆగింది. "గని మంచిగ అర్థమైంది. బ్యాంకుల ఇప్పటికీ యాదికొస్తది."

గాజుల కొట్టు కోటేశ్వరమ్మ ముందుకొచ్చింది. ఆమె గుంటూరు మనిషి. "బొమ్మేసి చెబుతారా? మాకూ చెప్పండి రాజుగారూ. ఎటూ బందేగా, ఊరికే నిలబడి ఏం చేస్తాం?"

అంతా పైకెక్కారు. కరెంటు తన అలవాటు ప్రకారం పోయింది. బాపిరాజు బోర్డు మీద కంప్యూటర్ గీసి, అందులో గాజుల కొట్టు పెట్టి, వచ్చిన సరుకు ఒక పక్క, పోయిన సరుకు ఒక పక్క రాసి చూపించాడు. పగిలిన గాజులు ఏ పక్క రాయాలని కోటేశ్వరమ్మ అడిగింది. దాని మీద చర్చ గాజుల కన్నా గలగలమంది. రోజూ రాత్రి దుకాణాలు కట్టేశాక క్లాసు పెట్టమన్నవాళ్లతో మధ్యాహ్నానికి బెంచీలు సరిపోలేదు.

ఆ సందడిలోనే బాపిరాజు సెల్‌ఫోన్లో ఏడో గురువును వదిలించుకున్నాడు. "వెళ్లిపోతున్నావా కలిదిండీ, మనసు విరిగింది," అని జవాబొచ్చింది. నాలుగో ఆయన్ని ఒక్కణ్ణి మాత్రం చెత్తబుట్టలోంచి తీసి ఉంచుకున్నాడు. కథలెలా ఉన్నా, ఆ కుక్క ఆయన సొంతం.

గుమ్మంలో నిలబడి నిండిన బెంచీలు చూసుకున్న అండాలమ్మకు అప్పుడొచ్చింది అనుమానం.

"ఇంతకు గీ బంద్ ఎవలిచ్చిండ్రు? టీవీల రాకపాయె."

జిరాక్సు ఆయన కోటేశ్వరమ్మను చూశాడు. కోటేశ్వరమ్మ జానయ్యను చూసింది. టీ అందిస్తున్న జానయ్య బాపిరాజును చూశాడు.

"రాజుసారే అన్నడు. ఫోన్ల, మెట్ల మీద."

"నేనా? మా ఆవిడతో సోమవారం నుంచి మన బ్రాండే అన్నాను, జానయ్యా."

"బ్రాండంటె ఏంది సార్?"

బాపిరాజు కిటికీలోంచి సగం విప్పి వేలాడుతున్న ఫ్లెక్సీని చూపించాడు. "అదీ. ఇందాక దింపించేస్తానన్నానే, అది. బంద్ లేదు, గింద్ లేదు."

 అందరూ ఒక్కసారిగా చెప్పులు వెతుక్కున్నారు. కింద షట్టర్లు ఒకటొకటిగా గరగరమంటూ పైకి లేచాయి.

"పార్లరోల్లను రావద్దని చెప్త," అంది అండాలమ్మ మెట్లు దిగుతూ. "జానయ్యా, నా లెక్కల సారుకొక ఛాయ్ పొయ్యి. నీ చెవుల జర నూనె పొయ్యి."