నెత్తి మూయని టోపీ

వైర్ల మధ్య ఇరుక్కున్న చీపురును తిరుపతమ్మ మెల్లగా బయటికి తీసింది. గట్టిగా లాగితే ఏదో ఒక కంప్యూటరు ఆరిపోతుంది, సేటు రంజిత్ ముఖం మాడిపోతుంది. అందుకని మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేత్తో వైర్లు ఎత్తిపట్టి ఇంకో చేత్తో ఊడుస్తుంది. కొత్తకోట హైవే మీద లారీలు లేపే దుమ్మంతా ఎక్కడికీ పోకుండా తిన్నగా ఈ ఇంటర్నెట్ సెంటర్లోకే వచ్చి పడుతుందని ఆమె నమ్మకం. అది నిజం కాకపోలేదు కూడా.

మనిషి బక్కపలచన. నడుము కొంచెం వంగింది. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో బండరాయి కింద నలిగి, నల్లగా మందంగా అలాగే ఉండిపోయింది. చేతులు మాత్రం ఒంటికి పొంతన లేనంత పెద్దవి, రాళ్లు మోసినవి. ఆ చేతుల్లో సన్నటి ఇనుప సూదులు టకటకా ఆడుతుంటే జిరాక్సు కోసం వచ్చినవాళ్లు తమ కాగితాలు మరిచిపోయి చూసేవాళ్లు. "ఏంది సూస్తున్నవ్? నీ పెండ్లికి అల్లుత లే, పో," అని తరిమేది.

ఆ పొద్దున ఊడ్చి లేస్తుంటే ఎడమ రెక్క భుజం దగ్గర నుంచి కింది దాకా లాగింది. గాలి పట్టిందనుకుని కుడిచేత్తో నాలుగు గుద్దులు గుద్దుకుంది. ఒంట్లో ఏ నొప్పికైనా ఆమెకు తెలిసిన వైద్యం అదొక్కటే. తర్వాత వాకిట్లో నీళ్లు చల్లి, గుమ్మం పక్కన తన స్టూలు వేసుకుని, సంచిలోంచి పసుపుపచ్చ ఊలు తీసింది.

అల్లిక ఆమెకు ఈ ఊళ్లో వచ్చిన విద్య కాదు. వయసులో ఉన్నప్పుడు పెనిమిటి జంగయ్యతో కలిసి మేస్త్రీ వెంట హిమాచల్ కొండల్లో డ్యాము పనికి పోయింది. పాలమూరు వాళ్లంటే ఎక్కడ రాళ్లుంటే అక్కడికి రైలెక్కించే కాలం అది. అక్కడే రేకుల షెడ్డులో ఆడపిల్లను కన్నది. ఆ చలికి పసిది నిలవలేదు. పక్క షెడ్డులోని కొండ ఊరి ఆడమనిషికి తెలుగు రాదు, తిరుపతమ్మకు ఆమె భాష రాదు. కొన్నాళ్లు చూసి చూసి, ఒకనాడు ఆమె వచ్చి తిరుపతమ్మ చేతుల్లో రెండు సూదులు పెట్టి, వేళ్ల మీద వేళ్లు వేసి ఆడించింది. సీదా, ఉల్టా అన్న రెండు మాటలతోనే మొత్తం నేర్పింది. ఇదేదో పిల్ల ఉండగానే వచ్చుంటే అని తిరుపతమ్మకు అప్పుడు కోపమొచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకు ఎన్నడూ తెలియలేదు. జంగయ్య పోయి, తనొక్కతే తిరిగొచ్చి ఈ సెంటరు వెనక గదిలో చేరాక, ఆ కోపంతోనే బజారులో పుట్టిన ప్రతి పిల్లకూ టోపీ అల్లింది.

ఇక్కడొక చిక్కుంది. మన వైపు, కడుపులో ఉన్న బిడ్డకు ముందుగా ఏదీ కుట్టకూడదు, కొనకూడదు. పాత చీర పేలికలే ముందు. తిరుపతమ్మకేమో పుట్టిన గడియలోనే నెత్తి మీద ఊలు ఉండాలి. రెంటికీ మధ్య ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. టోపీ అంతా అల్లి, నెత్తి దగ్గర మాత్రం మూయదు. మిగిలిన ముళ్లన్నీ ఒక దారం మీదికి ఎక్కించి వదిలేస్తుంది. బిడ్డ ఏడ్చిందన్న కబురు వచ్చాకే ఆ దారం లాగి బిగించి ముడేస్తుంది.

"మూసేదాక అది టోపీనే కాదు. ఊలు గొట్టం. దిష్టి తగలనీకి దానికి నెత్తేది?" అని వాదిస్తుంది.

గీత పొట్ట పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. రంజిత్ భార్య, మిద్దె మీద కాపురం. ఆమెకు ఇది మూడోసారి కడుపు. మొదటి రెండూ నెలలు నిండకుండానే పోయాయి. రెండుసార్లూ తిరుపతమ్మ ఆ పసుపుపచ్చ ఊలుతోనే టోపీ అల్లింది, రెండుసార్లూ విప్పేసింది. విప్పిన ఊలు వంకర్లు తిరిగితే ఉడుకు నీళ్లలో ముంచి, రాయి కట్టి ఆరేసింది. రెండోసారి దాన్ని ఉండ చుట్టేటప్పుడు రెండు చేతులూ చాపి ఊలు పట్టుకుని కూర్చున్నది గీతే. ఇప్పుడు అదే ఊలు మూడోసారి టోపీ అవుతోంది.

"మెట్లు దిగద్దని డాక్టరమ్మ చెప్పలే?"

"పైన ఒక్కదాన్నే ఏం జెయ్యాలె అవ్వా? గోడలు సూసుకుంట కూసోనా?" అంటూ గీత మూలనున్న కంప్యూటరు ముందు కూర్చుని తన ఆట తెరిచింది.

అది ఇల్లు నడిపే ఆట. తెర మీద ఇల్లు కట్టుకోవాలి, మనుషుల్ని తయారు చేసుకోవాలి, వాళ్ల బాగోగులు చూడాలి. వాళ్లు కూడా మనలాగే పుడతారు, పెరుగుతారు, ముసలివాళ్లై పోతారు. కాకపోతే మరీ చేతకాని మనుషులు. చెప్పకపోతే అన్నం తినరు. పొయ్యి అంటుకుంటే ఆర్పకుండా చేతులూపుతూ నిలబడతారు. "గిసొంటోళ్లను ఏడికెల్లి పట్టుకొచ్చినవే?" అని తిరుపతమ్మ ఎన్నోసార్లు అడిగింది.

ఆ ఇంట్లో గీత ఉంది, రంజిత్ ఉన్నాడు, తెల్లటి కొప్పుతో తిరుపతమ్మ కూడా ఉంది. చీర దొరక్క గులాబీ రంగు గౌను తొడిగింది గీత. మొదటిసారి చూసినప్పుడు తిరుపతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒళ్లంతా ఊగేలా నవ్వింది. నవ్వి, వెంటనే తప్పు పట్టింది. "ముసల్దాని చేతిల పనేం లేదా? ఊకెనే కూసుంటదా?" ఆ ఆటలో అల్లిక లేదని గీత చెబితే, "లేకుంటే ఇంకోటి జెప్పు. పని లేకుంటే నేనుండ," అంది. అందుకని ఆ ముసలామెకు చెట్లకు నీళ్లు పోసే పని పెట్టింది గీత. ఇంట్లో ఒక గదికి నీలం రంగు వేసి ఖాళీగా ఉంచింది. అది పుట్టబోయే పిల్లకు తొట్టెల గది. తొట్టెల మాత్రం ఇంకా పెట్టలేదు.

అయితే కొన్నాళ్లుగా తెర మీద ఎవరూ కదలడం లేదు.

"ఏంది, గిట్లనే నిలబడ్డరు అందరు?" తిరుపతమ్మ అల్లుతూనే అడిగింది.

గీత మౌసు మీది చెయ్యి తీసేసింది. "నేనే ఆపిన. నడిపిస్తె నువ్వు పోతవ్ అవ్వా. గా ముసలామెకు దినాలు దగ్గరికొచ్చినయ్. గీ జంట పుల్లల గుర్తు నొక్కితె ఆగుతది. మల్ల నొక్కితె నడుస్తది. నేను నొక్క."

తిరుపతమ్మ సూదులు ఒళ్లో పెట్టుకుంది. "నన్ను ఆపితె నేనొక్కదాన్నే ఆగుతనా? నువ్వు గూడ ఆగినవ్. నీ తొట్టెల అర్ర గూడ ఆగింది. నడువనియ్ బిడ్డా."

"భయమైతది అవ్వా."

"భయపడుకుంటనే నడిపియ్. నేను భయపడకుంట ఎన్నడు నడిచిన?"

గీత తల అడ్డంగా ఊపింది. తెర అలాగే ఉంది.

మధ్యాహ్నం బస్సుకు ఆత్మకూరు నుంచి వెంకటమ్మ దిగింది. గీత అత్త. వరి కోతలు వదిలేసి, కోడలి కోసం జొన్నరొట్టెలు, కారప్పొడి కట్టుకొచ్చింది. గుమ్మంలో అడుగు పెడుతూనే ఆమె చూపు తిరుపతమ్మ ఒడి మీద పడింది. మూట చేతిలోనే ఉండిపోయింది.

"మల్ల గదే ఊలా?"

"గదే అక్కా."

"నీకేమన్న బుద్ధుందా తిరుపతమ్మా? రెండు పానాలు మింగింది గది. కాలవెట్టు. కొత్తది కొనుక్కరమ్మంట నా కొడుకును."

తిరుపతమ్మకు ముక్కుపుటాలు అదిరాయి. గీత వింటోందని గొంతు తగ్గించింది గానీ మాట తగ్గించలేదు. "ఊలేం జేసిందక్కా? గొర్రె ఒంటి మీద పుట్టింది, నా చేతిల పడ్డది. గియ్యాల మనం దీన్ని కాలవెడితె, రేపు గీత తన కడుపునే అనుమానిస్తది. రెండుసార్లు నిలువలేదు గద, గిది గూడ గసొంటిదే అనుకుంటది. నేను అనుకోనియ్య. గీ ఊలే టోపీ అయితది. గీత బిడ్డ నెత్తికే ఎక్కుతది. నువ్వు తిట్టుకో, కొట్టుకో."

వెంకటమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి కోపం నీళ్లు కావు. రెండుసార్లు దవాఖాన వరండాలో కూర్చుని వట్టి చేతులతో తిరిగొచ్చింది ఆమె కూడా. "నాకు దడైతుందే," అని మాత్రం అని, రొట్టెల మూట తీసుకుని మెట్లెక్కింది.

రొట్టె తింటూనే గీత నడుము పట్టుకుంది. ఇంకా నెలలు నిండలేదు. రంజిత్ పరేషాన్ అయిపోయి చెప్పులు కనిపించక వట్టి కాళ్లతో జీపు పిలవడానికి ఉరికాడు. వనపర్తి దవాఖానకు పోవాలి. జీపులో ఎక్కబోతూ గీత తిరుపతమ్మ చెయ్యి పట్టుకుంది. తిరుపతమ్మ అరచెయ్యి చెమటతో చల్లగా ఉంది.

"నువ్వు గూడ రా అవ్వా."

"నేనొస్తె ఫోనెవరు ఎత్తుతరు? ఏడుపు ఇనవడంగనే ఫోన్ జెయ్యమను సేటును. గాడ నువ్వు నీ పని జెయ్యి. గీడ నేను నా పని జేస్త."

వెంకటమ్మ కోడలిని ఒళ్లో పడుకోబెట్టుకుంది. జీపు లారీల మధ్య నుంచి పోయింది.

సెంటరులో ఇంకెవరూ లేరు. తిరుపతమ్మ మెడ దాకా పట్టేసిన రెక్కను ఇంకోసారి గుద్దుకుంది. ఈసారి గుద్దు గట్టిగా పడలేదు. స్టూలు మోసుకొచ్చి ఫోను పక్కన వేసుకుంది. మూలనున్న తెర మీద అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడే ఉన్నారు. గీతకు నొప్పులొస్తుంటే ఇక్కడ గీత బొమ్మ ఇలా కొయ్యలా నిలబడడం ఆమెకు నచ్చలేదు. వెళ్లి మౌసు పట్టుకుంది. బాణం గుర్తు తెరంతా తిరిగింది గానీ చెప్పినచోటికి రాలేదు. "రా, నీ అవ్వ," అని తిట్టి, రెండు చేతులతో పట్టి, జంట పుల్లల గుర్తు మీదికి తెచ్చి నల్ల గోటి వేలితో నొక్కింది. తెర మీద ఇల్లు కదిలింది. గులాబీ గౌను ముసలామె వంగి చెట్టుకు నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

"ఆఁ, గట్ల," అంది తిరుపతమ్మ.

వచ్చి కూర్చుని మిగిలిన వరస అల్లింది. సీదా, ఉల్టా. ఊపిరి ఆడనప్పుడు ఆగింది, ఆడినప్పుడు అల్లింది. వరస అయ్యాక సూదుల మీది ముళ్లన్నీ ఒక్కొక్కటే దారం మీదికి ఎక్కించింది. ఒక్కటి కూడా జారనివ్వలేదు. దారం రెండు కొసలూ సమంగా బయటికి తీసి పెట్టుకుని, ఫోను వైపు చూస్తూ గోడకు ఆనుకుంది.

పొద్దు వాలాక ఫోను మోగింది. మోగి ఆగింది. మళ్లీ మోగింది. పక్కన పంక్చరు దుకాణం ఇస్రాయేలు, ఇదేంది ఎవరూ ఎత్తరని చేతుల గ్రీజు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. స్టూలు మీద తిరుపతమ్మ కునుకు తీస్తున్నట్టుంది. లేపడమెందుకని తనే ఎత్తాడు. అవతల రంజిత్ ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఆడపిల్ల. చిన్నదే గానీ గట్టిగా ఉంది. ఇద్దరూ బాగున్నారు. వెనక నుంచి పిల్ల ఏడుపు ఇస్రాయేలుకు కూడా వినబడింది.

"అవ్వా, ఆడివిల్లంట! ఇను, ఏడుస్తుంది," అని ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. తిరుపతమ్మ తల పక్కకు ఒరిగింది. ఇస్రాయేలు ఫోను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మూలన తెర మీద ఆ ఇంట్లో తెల్లవారింది, ముసలామె ఇంకా నీళ్లు పోస్తూనే ఉంది.

గీత బిడ్డతో ఇల్లు చేరేసరికి తిరుపతమ్మను మట్టి చేసి వారం దాటింది. గుమ్మం పక్కన స్టూలు ఖాళీ. టోపీని ఇస్రాయేలు ఒక ముడి కూడా జారకుండా కాగితంలో చుట్టి దాచాడు. గీత దాన్ని అరచేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. రంజిత్ అమ్మ వైపు చూశాడు. చచ్చిపోయిన మనిషి ఒళ్లో ఉన్న వస్తువు, రెండు చావులు చూసిన ఊలు. అమ్మ ఏమంటుందో వాడికి తెలుసు.

వెంకటమ్మ కోడలి చేతుల్లోంచి టోపీ తీసుకుంది. కాల్చేస్తుందేమోనని గీత చెయ్యి చాచింది.

"నాకు మూసుడు రాదు," అంది వెంకటమ్మ. "గిట్లయితదని తెలిసుంటె ఆమెనే అడిగి నేర్సుకుందు గద. మూయకుంటె ఆమె పని ఆగిపోతది."

దారం కొసలు రెండూ పట్టి లాగింది. ముళ్లన్నీ ఒకదాని పక్కకొకటి చేరి నెత్తి మూసుకుంది. ఆమెకు చేతనైన ముడి ఒక్కటే, వడ్ల బస్తా మూతికి వేసే ముడి. అదే వేసి, పళ్లతో బిగించింది. నిద్రపోతున్న మనవరాలి నెత్తికి టోపీ తొడిగింది.

టోపీ కొంచెం వదులైంది. పసుపుపచ్చ ఊలు మీద రెండుసార్లు విప్పిన వంకర్లు ఇంకా కనిపిస్తున్నాయి. నడినెత్తిన లావుపాటి బస్తా ముడి, పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా కొద్దిగా కదులుతోంది.