నాలుగు శాఖల ప్లగ్గులు

పేని మూడో స్పార్క్ ప్లగ్గు ఊడదీసి, దాని మూతికి పట్టిన మసిని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. పారేసే వస్తువునైనా శుభ్రం చేసి పారేసే మనిషి. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. వాన పడ్డ మర్నాడు ఈ పికప్‌కి దగ్గు పట్టుకుంటుంది. పేని పొట్టివాడు. ఇంజన్‌లోకి వంగాలంటే కొబ్బరికాయల పెట్టె ఎక్కాలి. వంగాక బయటికి కనిపించేవి లుంగీ అంచూ, పగుళ్ళిచ్చిన మడమలూ మాత్రమే. ఊళ్ళో సగం మంది ఆయన్ని ఆ మడమలతోనే పలకరిస్తారు.

ఆయన ఈ ఇంటికి ఇల్లరికం వచ్చాడు. మా సవాయి దీవిలో ఇల్లరికపు అల్లుడు పొయ్యి రాజెయ్యాలి, పందిని కొయ్యాలి, బండి తోలాలి. పెద్దలు కూర్చున్న చోట నోరు మాత్రం విప్పకూడదు. భార్య లీటియా పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఆమె సమాధి ఇంటి ముందరే ఉంది. సాయంత్రం పూట దాని గట్టు మీద కూర్చుని టారో చేమదుంపల తొక్క తీస్తాడు. అక్కడ కూర్చోకపోతే ఆయనకి పొద్దు గడిచినట్టుండదు. అత్తగారు సియేని ఉండబట్టి ఇన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు.

ఆ సియేని ఇవాళ వెళ్ళిపోతోంది. మూత్రపిండాలు చెడిపోయాయి. పడవలో పక్క దీవిలోని ఆపియా పట్నం చేరి, ఆస్పత్రి దగ్గరే ఉండి రక్తం శుద్ధి చేయించుకోవాలి. అందుకని వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం తక్కువ. ఆమె తమ్ముడు అసోమువా కుటుంబానికి పెద్ద. నిన్న పేనిని పక్కకి పిలిచి చెప్పేశాడు.

"అక్కయ్యని పడవెక్కించాక బండి మా అన్నయ్య కొడుకు రోపాటికి ఇచ్చెయ్. వాడు చూసుకుంటాడు. నువ్వూ ఇంక మీ ఊరెళ్ళి మీవాళ్ళతో ఉండు పేనీ. ఎన్నాళ్ళని ఇలా?"

పేని తల ఊపాడు. తన ఊళ్ళో తనవాళ్ళెవరున్నారో ఆయనకి సరిగ్గా గుర్తులేదు. ఆ రాత్రి వాన మొదలయ్యేదాకా లీటియా సమాధి గట్టు వదల్లేదు.

కొత్త ప్లగ్గులు కావాలన్నది ఆయన మాటే. "నాలుగూ ఒకే రకం, ఒకే పెట్టెలోవి తెప్పించండమ్మా" అని అత్తగారి చెవిలో వేశాడు. ఆమె ఆ మాట పోయిన వారం కుటుంబ సభలో చెప్పింది. అక్కడే చెడింది.

"అక్కయ్య ప్రయాణానికి ఒకళ్ళే నాలుగూ ఇస్తే, మిగతావాళ్ళం మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అంది చెల్లెలు తేవిలా.

ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు. కుటుంబానికి నాలుగు శాఖలు. సియేనిది అయిదోది గానీ ఆమె వెళ్ళాక అందులో మిగిలేది పేని ఒక్కడే. అల్లుణ్ణి శాఖగా ఎవరు లెక్కేస్తారు? దేవుడే అలా అమర్చాడని, శాఖకి ఒక ప్లగ్గు చొప్పున తేవాలని అసోమువా తీర్మానించాడు. ఇవాళ తెల్లవారేసరికి నాలుగు ప్లగ్గులు మంచి చాప మీద వరసగా పడుకున్నాయి. ఏది ఎవరు ఇచ్చారో పెద్దగొంతుతో ప్రకటించారు కూడా. అసోమువాది అంగట్లో అన్నిటికన్నా ఖరీదైనది. తేవిలాది పాస్టరు గారు చేత్తో పట్టుకుని ప్రార్థన చేసి ఇచ్చినది. ఆపియా శాఖవాళ్ళది బీఫ్ డబ్బాల మధ్య పడవలో వచ్చింది. అన్నగారి కొడుకు రోపాటి తెచ్చినది మరపడవ ఇంజన్‌ది.

"సముద్రాన్నే దాటించింది పేని అన్నయ్యా. రోడ్డో లెక్కా?" అన్నాడు రోపాటి.

"నాది ముందు దాంట్లో పెట్టు" అన్నాడు అసోమువా.

 ఏ ఒక్కటి వద్దన్నా ఒక శాఖకి తలవంపు. పేని నాలుగూ బిగించేశాడు. పాత వాటిని గుడ్డలో చుట్టి సీటు కిందికి తోశాడు.

ముందు సీట్లో సియేని కూర్చుంది. వెనక చాపలు, దుంపల బుట్టలు, ఆదివారం బట్టల్లో నాలుగు శాఖలూ. బండి ఒక గజం ఉరికి, ఒక గజం ఆలోచించి, మళ్ళీ ఉరికింది.

"ఇప్పుడు దగ్గింది ఎవరిది?" అని వెనకనించి తేవిలా అడిగింది.

"ఎవరిదీ కాదు పిన్నిగారూ. రోడ్డు బాలేదు" అన్నాడు పేని.

సగం కొండ ఎక్కాక బండి ఇంక నావల్ల కాదని నిలబడిపోయింది. అందరూ దిగి తోశారు. అసోమువా కొత్త చొక్కా వీపున పిగిలింది. బండి కదల్లేదు. కింద రేవులో పడవ కనిపిస్తూనే ఉంది. ఇది తప్పితే ఆస్పత్రిలో ఇచ్చిన వంతు కూడా తప్పుతుంది.

"నిజం చెప్పు, ఎవరిది పాడు?" అని సియేని గొంతు తగ్గించి అడిగింది.

"అన్నీ మంచివేనమ్మా. ఒకచోట కూర్చోబెడితేనే పేచీ."

"మావాళ్ళకి మల్లేనన్నమాట. పాతవి పారేశావా?"

"మీ సీటు కిందే ఉన్నాయి."

ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఒరేయ్ తమ్ముడూ, అందరూ ఇలా రండి. సముద్రం కేసి తిరిగి నిలబడి నాకో కీర్తన పాడండి. మళ్ళీ ఎప్పుడు వింటానో ఏమో."

అందరూ బండికి వీపు తిప్పి నిలబడ్డారు. మావాళ్ళకి ఎన్ని పేచీలున్నా పాటలో మాత్రం గొంతులు కలుస్తాయి. పేని కాలే ఇంజన్‌లో చేతులు పెట్టి, వేళ్ళు చురుక్కుమంటున్నా పళ్ళు బిగించి, ఒక్కొక్కటే మార్చాడు. ఆఖరి చరణం అయిపోయేసరికి ఇంకొకటి మిగిలింది. అసోమువా ఓరకంట వెనక్కి చూశాడు. గొంతు సవరించుకుని, మొదటి చరణం మళ్ళీ ఎత్తుకున్నాడు. ఎవరూ ఎందుకని అడగలేదు.

బండి ఒక్క దెబ్బకి అందుకుంది.

"చెప్పాగా, నాది వేడెక్కడానికి కొంచెం టైం తీసుకుంటుంది" అన్నాడు రోపాటి బండెక్కుతూ.

"ప్రార్థన ఊరికే పోతుందా" అంది తేవిలా.

రేవులో ఆలస్యం చెయ్యనివ్వలేదు. ఆపియా శాఖ కోడలు వచ్చి సియేని చెయ్యి పట్టుకుంది. సియేని అందరినీ ముద్దుపెట్టుకుంది. పేని చెంప మాత్రం తట్టి, తడి బల్ల మీంచి మెల్లగా నడిచి పడవెక్కింది. పేని కళ్ళు తుడుచుకుని బండి వైపు తిరిగితే, ముందు సీట్లో కాళ్ళు పెట్టుకునే చోట ఆమె చెప్పులున్నాయి. అవి పట్టుకుని పరుగెత్తాడు.

అప్పటికే బల్ల లేపేశారు. సియేని పైన కమ్మీ పట్టుకుని ఉత్త కాళ్ళతో నిలబడి ఉంది.

"మర్చిపోలేదు. ఎక్కడివి అక్కడ పెట్టు" అంది, రేవంతా వినిపించేలా. "అది నా చోటు. నేనొచ్చేదాకా వాటిని నువ్వే చూసుకోవాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు."

పడవ కూత వేసి కదిలింది. పేని చెప్పుల్ని ఎక్కడివి అక్కడ పెట్టి, తాళంచెవి రోపాటికి ఇచ్చి, వెనక ఎక్కి బుట్టల మధ్య కూర్చున్నాడు. బండి తోలడమే గానీ వెనక ఎప్పుడూ కూర్చోలేదాయన. చాలా ఎత్తుగా అనిపించింది.

అసోమువా ముందు తలుపు తీసి కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు అలాగే ఆగింది. మా దీవుల్లో అన్నదమ్ములకి ఆడతోబుట్టువు కన్నా గొప్పది లేదు. ఆమె చెప్పులు తొక్కడం కాదు, దాటను కూడా దాటకూడదు. కాలు ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూశాడు. చోటు లేదు. తలుపు చప్పుడు కాకుండా మూశాడు.

"రోపాటీ, దిగు."

"ఏం బాబాయ్?"

"చెప్పులు ఆయనకి అప్పజెప్పింది. అవి ఉన్నన్నాళ్ళూ బండీ ఆయనదే, ఇల్లూ ఆయనదే. నే చెప్పిందేదీ గుర్తుపెట్టుకోకు పేనీ. రా, వచ్చి తోలు."

పిగిలిన చొక్కాతో ఆయన వెనక ఎక్కి, తేవిలా పక్కన ఒదిగి కూర్చున్నాడు. పేని స్టీరింగు ముందు కూర్చున్నాడు. కొంతసేపు బండి తీయలేకపోయాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

పక్క సీటు ముందర ఆ రబ్బరు చెప్పులు జంటగా ఉన్నాయి. ఎడమది మడమ దగ్గర అరిగిపోయి, బొటనవేలి గుంట లోతుగా పడి, ఇంకా కొంచెం తడిగా.