కవితలో చోటు దొరకనివాళ్లు

బిస్కెట్ ఫ్యాక్టరీ సైరన్ మోగిన అరగంటకి ఫిట్టరు ఇంటికొచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని, నోట్‌బుక్ తీసి కూర్చునేవాడు. ఆయన కవితలో ఎవర్ని పిలిస్తే వాళ్లు గుమ్మంలో ఉంటారు. "ఓ బాయిలరు అన్నలారా!" అన్నాడంటే బాయిలరు దగ్గర పనిచేసే ఆరుగురూ వచ్చి చెప్పులు విప్పాల్సిందే, ఒకాయన సగం గీసిన గడ్డంతోనైనా సరే. పిలిచాక రాక ఏం చేస్తారు పాపం! అదే ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో పొద్దస్తమానం నిలబడొచ్చిన భార్య, వీళ్ల టీ కోసం మళ్లీ నిలబడాలి. ఆవిడకి ఒళ్లు మండిపోయేది.

"పిలిచేవాడివి పాలు కూడా తేవచ్చుగా!" అనేది.

ఆ వారం ఆవిడ మేనేజరు దగ్గరికెళ్లి, ప్యాకింగ్ వాళ్లకి స్టూళ్లు వేయించమంది. అడిగిన పాపానికి, "రేపొచ్చి రాజీనామా మీద సంతకం పెట్టు" అన్నాడాయన.

"మా మీద ఒక్క కవిత రాయవయ్యా," అంది మొగుడితో.

"ప్యాకింగ్ మీదా? సుత్తి లేదు, నిప్పు లేదు. ఏం పెట్టను?"

"మా కాళ్లు పెట్టు!"

"కాళ్లు లైన్లో బాగోవే."

"తగలెయ్, నీ లైనూ నువ్వూ!"

మర్నాడు ఆఫీసులో మేనేజరు కాగితం ముందుకి తోశాడు. ఆవిడ ఒక్కతే. ఉద్యోగం పోతోందన్న దుఃఖం కన్నా మొగుడి మీద కోపమే ఎక్కువగా ఉంది. ఆ కోపంలో నోటికొచ్చింది అనేసింది:

"ఎడంచేత్తో అట్టపెట్టె మడిచే పిల్లా,
అరికాలికి గుడ్డ చుట్టుకునే వదినా,
ఏడో నెల కడుపుతో టేపేసే చెల్లీ,
నిలబడ్డవాళ్లంతా రండర్రా!"

"ఏంటమ్మా ఆ సణుగుడు?" అన్నాడు మేనేజరు.

ఈలోగా తలుపు తెరుచుకుంది. ప్యాకింగ్‌లో మిగతా పదిహేడుమందీ గుమ్మంలో ఉన్నారు. ఒకామె చేతిలో టేపు ఇంకా వేలాడుతోంది.

"ఎవరు రమ్మన్నారు? పొండి పనికి!"

ఎవరూ కదల్లేదు, మాట్లాడనూ లేదు. కవిత గుమ్మం దాకా తెస్తుంది గానీ నోరు తెరిపించదు కదా.

"వచ్చి కూడా నోళ్లు కుట్టేసుకున్నారేంటే!" అంది ఆవిడ, ఏడుపాపుకుంటూ.

కడుపుతో ఉన్న చెల్లి గొంతు సవరించుకుంది. "నాకూ స్టూలు కావాలి సార్. నా కాగితమేది?"

"నాదేది?" అంది వదిన.

"నాదో?"

మేనేజరు డ్రాయర్లన్నీ లాగాడు. ఇంకొక్క కాగితం లేదు. ఉన్నదాన్ని వెనక్కి లాక్కుని, మడిచి జేబులో కుక్కుకున్నాడు.

"ఎన్ని స్టూళ్లు?" అన్నాడు విసుగ్గా.

"పద్దెనిమిది," అంది ఆవిడ. "ఎన్నిసార్లు చెప్పాలండీ!"