ఒక మంచం, ఇద్దరు కోడళ్ళు

పెద్దకోడలికి కుర్చీలో కుదురుగా కూర్చోవడం ఏనాడూ చేతకాలేదు. ఆసుపత్రి అడ్మిషన్ కౌంటర్లో చేరినప్పటి నుంచీ అదే కుర్చీ. దాని చక్రాలు అరిగిపోయాయి గానీ ఆవిడ ఊగడం మానలేదు. ఇక ఆ మధ్యాహ్నమైతే అచ్చం కాలు గాలిన పిల్లే. లేస్తుంది, కూర్చుంటుంది, అద్దంలోంచి కారిడార్లోకి తొంగి చూస్తుంది. కారిడార్లో గోడవారగా స్ట్రెచర్, స్ట్రెచర్ మీద అత్తగారు, అత్తగారి మొహానికి ఆక్సిజన్ మాస్కు. పొద్దున కూర తరుగుతూ గుండె పట్టుకుని కూలబడిపోయిందావిడ.

డాక్టరు చూసి తేల్చి చెప్పేసింది. "గుండె వార్డులో మంచం వేయించండి. అక్కడి మిషన్ తగిలిస్తే గానీ నేను ముందుకెళ్ళలేను. ఆలస్యం చేయకండి."

గుండె వార్డులో ఖాళీ ఉన్నది ఒక్కటంటే ఒక్క మంచం. పేరు కంప్యూటర్లో ఎక్కితేనే ఆ మంచం దగ్గరి మిషన్ పనిచేస్తుంది. పేరు ఎక్కించడం ఎంతసేపు పని? ఏ కౌంటర్లోంచైనా ఎక్కించవచ్చు. పేషెంట్ రికార్డు తెరవాలి, మంచం రికార్డు తెరవాలి, రెండూ కలిపి సేవ్ కొట్టాలి. కాకపోతే ఒకళ్ళు తెరిచి పట్టుకున్న రికార్డు మీద ఇంకొకళ్ళు చెయ్యి వేయడానికి లేదు. బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తారు చూడండి, అలాంటిదే. ఆ కట్టుబాటు లేనప్పుడు ఒకే మంచానికి ఇద్దరు రోగులు వచ్చి, బంధువులు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.

పెద్దకోడలు అత్తగారి రికార్డు తెరిచింది. మంచం రికార్డు నొక్కింది. 'వేరొకరు వాడుతున్నారు, వేచి ఉండండి' అని వచ్చి, ఒక సున్నా గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

అది ఎంతకీ ఆగదే! ఆవిడ గోళ్ళు కొరికింది, మౌస్‌ని బల్లకేసి కొట్టింది, ఆ తర్వాత కంప్యూటర్ల గదికి ఫోన్ చేసింది. కంప్యూటరాయన నింపాదైన మనిషి. ఇల్లు తగలబడుతున్నా నీళ్ళు ఏ బకెట్లో తేవాలో ఆలోచించే రకం.

"చూశానమ్మా," అన్నాడు. "మంచం రికార్డు పట్టుకున్నది గుండె వార్డు కౌంటరు. వాళ్ళు మీ అత్తగారి రికార్డు కోసం ఆగి ఉన్నారు. అదేమో మీ దగ్గరుంది. మీరు వాళ్ళ కోసం, వాళ్ళు మీ కోసం. ఇలా రేపటిదాకా కూర్చున్నా తెమలదు."

"మీరే ఒకళ్ళని బయటికి తోసేయండి."

"సూపరింటెండెంట్ గారు చెప్పాలమ్మా. ఆయన మీటింగ్‌లో ఉన్నారు. ఇంతకీ ఇద్దరిదీ ఒకే పేషెంటూ ఒకే మంచమూ కదా? ఫోన్ చేసుకోండి. ఎవరో ఒకరు వదిలేస్తే రెండోవాళ్ళది చటుక్కున అయిపోతుంది. త్వరగా తేల్చుకోండి, అదే మంచం కోసం ఎమర్జెన్సీ కౌంటరు కూడా వరసలో ఉంది."

ఫోన్ చేసుకోవాలట. ఆయనకేం, చెప్పేశాడు.

గుండె వార్డు కౌంటర్లో కూర్చునేది ఎవరనుకున్నారు? చిన్నకోడలు. పెద్దకోడలికి సాక్షాత్తూ తోటికోడలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది, ఒకే ఆసుపత్రి. మాటలు మాత్రం లేవు. కొన్ని నెలల కిందట క్యాంటీన్లో పదిమంది ముందు పెద్దకోడలు నోరు జారింది. "దానికి ఉద్యోగం ఊరికే రాలేదు, నేను కాళ్ళావేళ్ళా పడితే వచ్చింది" అంది. వెనకే టీ కప్పుతో చిన్నకోడలు నిలబడి ఉంది. ఆ కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయిన మనిషి, ఇప్పటిదాకా 'అక్కా' అని పిలవలేదు. పెద్దకోడలికి మాత్రం పశ్చాత్తాపం లేదా? ఉంది. కానీ పెద్దదాన్ని, నేను దిగిరావడమేమిటి అన్న పంతం అంతకంటే పెద్దది.

మరి ఇల్లెలా నడిచింది అంటారా? అత్తగారి మీదుగా నడిచింది. పొయ్యి దగ్గర ఇద్దరూ మోచేతులు తగిలేంత దగ్గరగా నిలబడి ఉంటారు. "అత్తయ్యా, ఉప్పు డబ్బా ఇటివ్వమని ఆవిడకి చెప్పండి" అంటుంది చిన్నది. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న అత్తగారు తల తిప్పి, "పెద్దమ్మాయ్, ఉప్పు అడుగుతోందే" అంటుంది. ఉప్పు చేతులు మారుతుంది. పాపం ఆవిడ ఒక్కనాడు విసుక్కోలేదు. కొడుకులిద్దరూ తల్లి అవస్థ చూసి నవ్వేవాళ్ళు, వాళ్ళని అనాలి అసలు.

పెద్దకోడలు ఇంటర్‌కమ్ ఎత్తింది. వార్డు నంబరు సగం నొక్కి పెట్టేసింది. 'అదే వదలొచ్చుగా' అనుకుంది. మళ్ళీ ఎత్తబోతుంటే ఇంటర్‌కమ్ దానంతటదే ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఎవరు చేసి పెట్టేశారో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. సున్నా తిరుగుతూనే ఉంది. రికార్డు అలాగే తెరిచి ఉంచి, విసవిసా కారిడార్లోకి నడిచింది.

అదే సమయానికి అవతలి మెట్ల మీంచి చిన్నకోడలు దిగి వచ్చింది. తనూ మంచం రికార్డుని తెరిచిపెట్టే వచ్చిందని మొహమే చెబుతోంది. స్ట్రెచర్‌కి అటొకరు, ఇటొకరు నిలబడ్డారు. మొహాలు చూసుకోలేదు.

అలవాటు ఎంత పాడుదో చూడండి. పెద్దకోడలు అత్తగారి మీదికి వంగి, "అత్తయ్యా, మంచం వదిలేయమని దానికి చెప్పండి" అనేసింది.

ఆ ముసలావిడ కళ్ళు తెరిచింది. చేత్తో మాస్కు పైకెత్తింది. తల అటువైపు తిప్పింది. "చిన్నమ్మాయ్... మంచం..." అంది. ఆ పైన ఊపిరి అందలేదు. గొంతులో ఏదో గురగురమంది, పెదాలు నల్లబడ్డాయి. అయినా మాస్కు వదలదే! మాట పూర్తిచేసి తీరాలని చూస్తోంది.

"ఆవిడనే వదల..." అని మొదలుపెట్టిన చిన్నకోడలు నాలుక కరుచుకుంది.

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. గబగబా మాస్కు సరిచేసి, "మాట్లాడకండి అత్తయ్యా, మీరేం మాట్లాడకండి" అంది. అప్పుడు తలెత్తి తోటికోడలి వంక చూసింది. దాని కళ్ళ నిండా నీళ్ళు. ఒక్క మాట అంటే సరిపోయేది. నేను వదిలేస్తున్నాను, నువ్వు ఎక్కించు. అంతే కదా? నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇన్ని నెలలు మూతబడిన నోరు, ఉన్నపళాన పెగల్లేదు. మాట్లాడకుండానే వెనక్కి తిరిగి కౌంటర్‌కి పరుగెత్తింది. వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

కుర్చీలో కూర్చోను కూడా లేదు. నిలబడే రికార్డు మూసేసింది. సున్నా మాయమైంది. ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఇప్పుడు చిన్నది పట్టుకున్న మంచానికి అత్తయ్య పేరు ఎక్కేస్తుంది, ఎక్కనీ, ఎవరు ఎక్కిస్తే ఏం, అనుకుంది. ఆ క్షణాన తోటికోడలి మీద కోపమన్నది మచ్చుకైనా లేదు.

వార్డు పేజీ మళ్ళీ తెరిచి చూసింది. మంచానికి ఒక పేరు ఎక్కింది. అత్తగారి పేరు కాదు, ఎవరో పరాయి మగమనిషి పేరు. ఎక్కించింది ఎమర్జెన్సీ కౌంటరు.

తప్పు చదివానేమోనని కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. అదే పేరు. ఇంతలో చిన్నకోడలు రొప్పుకుంటూ వచ్చి కౌంటరు పట్టుకుని నిలబడింది.

"అయిందా అక్కా? నేను మంచం వదిలేశాను. నువ్వు ఎక్కించేశావు కదూ?"

పెద్దకోడలు కుర్చీలో కూలబడింది. "నువ్వూ వదిలేశావుటే?" అంది నీరసంగా. "నేనూ అప్పుడే వదిలేశాను."

ఎవరిని తిట్టాలి? ఎమర్జెన్సీ వాళ్ళనా? వాళ్ళ ముందు కూడా ఒక స్ట్రెచర్ ఉంది, దాని మీద ఒక మనిషి ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడి ఉంటే చాలని ఇద్దరికీ తెలుసు. పెద్దకోడలు అత్తగారి రికార్డుని వరసలో పెట్టింది. ఇంకో మంచం సాయంత్రానికి ఖాళీ కావచ్చు, కాకపోవచ్చు అన్నారు వార్డులో.

మళ్ళీ స్ట్రెచర్ దగ్గరికి వెళ్ళారు, ఈసారి ఇద్దరూ ఒకవైపే నిలబడ్డారు. అత్తగారు కళ్ళతోనే అడిగింది.

"లేదు అత్తయ్యా. నాదే తప్పు," అంది చిన్నకోడలు.

"దాని తప్పేం లేదు. నాది," అంది పెద్దకోడలు. "ఊరుకోవే నువ్వు."

"నువ్వు ఊరుకో అక్కా."

ముసలావిడ ఒకసారి దీని మొహం, ఒకసారి దాని మొహం చూసింది. మాస్కు లోపల పెదాలు సాగాయి. చూస్తే నవ్వే అది, నిజంగా నవ్వే. మంచం దొరికినంత సంబరం ఆ మొహంలో. పెద్దకోడలికి అది చూసి, మంచం పోయిందమ్మా తల్లీ, ఎందుకు నవ్వుతున్నావు అని అరవాలనిపించింది. అరవలేక అత్తగారి పాదాలు రెండు చేతులతో పట్టుకుంది. పాదాలు చల్లగా ఉన్నాయి. గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది.

అత్తగారి వేలికి తగిలించిన క్లిప్పు మీద ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఎర్ర అంకె వెలుగుతోంది. చిన్నకోడలు వంగి దాన్నే చూస్తోంది. వార్డులో కూర్చునే మనిషి, దానికి తెలుస్తుంది ఆ అంకెల సంగతి.

"ఎంతుందే? దాచకుండా నాకు చెప్పు."

చిన్నకోడలు అత్తగారి మొహం మీంచి చూపు తిప్పి, గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"పడిపోతోందక్కా."