పావు సెకను దొంగ

నాలుగు గంటలకల్లా సంతకం పడాలి. పడకపోతే సోమవారం నుంచి ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఈ శుభవార్తను టెస్టరుకి పొద్దున్నే, బ్యాగు భుజం మీంచి దించకముందే చెప్పారు.

ఆఫీసులో ఆమెను అందరూ 'సందేహం' అంటారు. ఆటలో తప్పులు వెతకడమే ఉద్యోగం కాబట్టి ఆ పేరుకి ఆమె ఏమీ అనుకోదు. డైరెక్టరుకీ ఒక పేరుంది. కాకపోతే ఆయన గది తలుపు మూసుకున్నాకే అది వినబడుతుంది. మక్కీ. పాతికేళ్ళ నాటి 'అగ్నిదుర్గం' అనే వీడియో గేమును మక్కీకి మక్కీ మళ్ళీ తయారు చేయిస్తున్నందుకు వచ్చిన బిరుదు.

మక్కీకి మక్కీ అంటే మాటవరసకి కాదు. పాత మెషీన్‌లో ఆట మొదలవడానికి నలభై సెకన్లు పట్టేది. కొత్తది రెప్పపాటులో మొదలవుతోంది. అది మక్కీకి నచ్చలేదు. దాంతో కోడరు మూడు రోజులు కూర్చుని, నలభై సెకన్లపాటు ఏ పనీ చేయకుండా ఉండే ప్రోగ్రాం రాశాడు. ఆఫీసులో కొందరు అదే పని ఏ ప్రోగ్రామూ లేకుండా రోజంతా చేస్తున్నారనుకోండి, అది వేరే సంగతి.

సందేహం అభ్యంతరం దాని మీద కాదు. గొడవంతా మూడో దశలోని వంతెన దగ్గర. ఆటలోని సిపాయి అక్కడ గెంతాలి. బటన్ నొక్కగానే గెంతడు. పావు సెకను ఆలోచించి, అప్పుడు గెంతుతాడు. అప్పటికి వంతెన ఉండదు, కింద నిప్పులుంటాయి. ఆమె ఈ ఆరు నెలల్లో సిపాయిని రెండు వేలసార్లు కాల్చింది.

"సార్, గెంతు ఆలస్యమవుతోంది," అంది నూటొకటోసారి.

"అవ్వాలి. అసలు ఆటలో అంతే," అన్నాడు మక్కీ.

అసలు ఆట ఆయన గదిలోనే, అద్దాల పెట్టెలో ఉంది. ఆయన చిన్నప్పుడు ఆడిన మెషీను, ఆయన చిన్నప్పటి జాయ్‌స్టిక్. కొలతలన్నీ దాని మీదే తీయాలని రూలు. బజారులో దొరికే పాత మెషీన్లు ఎవరి చేతుల్లో పడి వచ్చాయో తెలీదట, నమ్మకూడదట. ఆ జాయ్‌స్టిక్ మీద వేలు పెట్టి, కెమెరాతో తీసి, పావు సెకను లెక్క తేల్చారు. కోడరు మూడు వారాలు కష్టపడి ఆ ఆలస్యాన్ని కొత్త ఆటలోకి దించాడు.

"పాత ఆటగాళ్ళ ఉత్తరాలు మూడొందలు చదివాను సార్. తుపాకీ గుళ్ళు తక్కువని ఏడ్చారు, మ్యాపు లేదని ఏడ్చారు. వంతెన గురించి ఒక్కరూ ఏడవలేదు."

"వాళ్ళు మనసుపెట్టి ఆడలేదమ్మా," అన్నాడు మక్కీ జాలిగా. "నాకు ఓర్పు నేర్పింది మా అమ్మానాన్నా కాదు, ఆ వంతెన. ప్రతి ఇంటర్వ్యూలో చెబుతూనే ఉన్నానుగా."

ఆమె ముందున్న కాగితం మీద ఒకే వాక్యం. 'పాత ఆటకీ కొత్త ఆటకీ వెంట్రుకవాసి తేడా లేదు.' కింద గీత. గీత మీద ఖాళీ. ఇదే గెంతు గురించి మాట్లాడిన ఇద్దరు టెస్టర్లు ఇప్పటికే ఇంటి దగ్గర మనసుపెట్టి ఆడుకుంటున్నారు.

మూడింటికి మక్కీ వాళ్ళ అక్క వచ్చింది. పళ్ళ డాక్టరు. చిన్నప్పుడు కలిసి ఆడిన అక్కాతమ్ముళ్ళు మళ్ళీ కలిసి ఆడుతున్నట్టు ప్రచారానికి వీడియో తీయాలి. ఆవిడ కుర్చీలో సర్దుకుని, నలభై సెకన్లు ఆవలించి, కొత్త ఆట మొదలుపెట్టింది. మూడో దశ. వంతెన. ఆఫీసంతా వెనక చేరింది.

సిపాయి హాయిగా దాటేశాడు.

కోడరు నోరు తెరిచాడు. పళ్ళ డాక్టరు ముందు తెరవాల్సిన పద్ధతిలోనే తెరిచాడు.

"ఎలా దాటారు మేడం?" సందేహం ముందుకొచ్చింది.

"కాస్త ముందుగా నొక్కాలి తల్లీ. స్పాంజి అణిగేదాకా ఆగాలి కదా." ఆవిడ పకపకా నవ్వింది. "ఒరేయ్, అది కూడా పెట్టించావురా నువ్వు!"

"ఏ స్పాంజి?" అన్నాడు మక్కీ.

నవ్వు ఠక్కున ఆగింది.

"అక్కా. ఏ స్పాంజి?"

"మరి ఏం చెయ్యనురా? చచ్చేదాకా ఒకరి వంతే అని రూలు పెట్టింది నువ్వు. పెట్టినవాడివి చావవు. సెలవులంతా నీ వీపు చూస్తూ కూర్చున్నాను. అందుకని గిన్నెలు తోమే స్పాంజి కత్తిరించి, గెంతే బటన్ కింద ఓ ముక్క పెట్టాను. ఆ తర్వాత చక్కగా చచ్చేవాడివి."

"పాతికేళ్ళు చెప్పలేదే!"

"నువ్వు టీవీలో ఓర్పు, ఓర్పు అంటుంటే ఏ ముఖం పెట్టుకుని చెప్పేది?"

సందేహం అప్పటికే అద్దాల పెట్టె తెరిచింది. ఎవరూ ఆపలేదు. స్క్రూలు విప్పితే బటన్ కింద గోరంత పసుప్పచ్చ స్పాంజి. పళ్ళ డాక్టరు హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పట్టకారు తీసి, నొప్పి తెలియకుండా పీకేసింది. జాయ్‌స్టిక్‌కి మాత్రమే, తమ్ముడికి కాదు.

మక్కీ పాత మెషీన్ ముందు కూర్చున్నాడు. నొక్కాడు. నొక్కిన క్షణానే సిపాయి గెంతాడు. వంతెన వెనక్కి పోయింది.

"ఇంతేనా?" అన్నాడు, ఎవరో పోయినట్టు.

కానీ లేవలేదు. నాలుగో దశ ఆడాడు, ఐదో దశ ఆడాడు. గుళ్ళు చాలక తిట్టుకున్నాడు, మ్యాపు లేక దారి తప్పి నవ్వుకున్నాడు. పాతికేళ్ళ నాటి ఆట నిక్షేపంలా ఉంది. గోడ మీద గడియారం నాలుగు దాటింది, నాలుగున్నరా దాటింది. సంతకం మాట ఎవరూ ఎత్తలేదు.

"ఆ ఆలస్యం తీసెయ్," అన్నాడు చివరికి, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"మూడు వారాల పని సార్," అన్నాడు కోడరు నీరసంగా.

"తీసేస్తే నేను గెలవలేనురా!" అంది అక్క.

తీయడానికి పది నిమిషాలు పట్టింది. సందేహం కొత్త ఆటలో వంతెన ముప్పైసార్లు దాటింది. పాత ఆటలో ముప్పైసార్లు దాటింది. రెండూ కెమెరాతో తీసి పక్కపక్కన పెట్టి చూసింది. అప్పుడు ఆ వాక్యం కింద, గీత మీద, నింపాదిగా సంతకం చేసింది.

సోమవారం ఆ కుర్చీలో ఆమే కూర్చుంది. అద్దాల పెట్టెలో జాయ్‌స్టిక్ పక్కన, చిన్న గాజుమూత కింద, స్పాంజి ముక్క. దాని ముందు చీటీ: 'అసలైనది. ముట్టుకోరాదు.'

"సార్, ఇంకొక్క సందేహం," అంది ఆమె తలుపు దగ్గర నిలబడి. "మొదట్లో వచ్చే ఆ నలభై సెకన్లు..."

"అవి అసలువేనమ్మా!"

"ఒకసారి మీ అక్కగారిని అడిగి చూడకూడదా?"

మక్కీ ఆమెను గుర్రుగా చూశాడు. చూస్తూనే ఫోను తీశాడు.