ఆమె ఎన్ని గంటలు పడుకుంటుంది

ఎనిమిదే అయ్యుంటుంది, మనుషులంతా పడుకునేది ఎనిమిది గంటలేగా, అనుకున్నాడు గానీ నోటిదాకా వచ్చిన అంకె అక్కడే ఆగిపోయింది, బ్యాటరీల షాపాయన కాగితం మీద పెన్ను ఆనించి ఇంకా చూస్తూనే ఉన్నాడు, చెప్పండి సార్, మేడం ఆ గాలి మెషిన్ పెట్టుకుని రాత్రికి ఎన్ని గంటలు పడుకుంటారు, దాన్నిబట్టే బ్యాటరీ సైజు, కరెంటు పోయినా ఆగకూడదంటున్నారు కదా, అవును ఆగకూడదు, మొన్న ఆగింది, ముక్కుకి మాస్కు ఉండగానే గాలి ఆగిపోయి ఆవిడ ఉలిక్కిపడి లేచి, మాస్కు లాగేసి, కిటికీ ఊచలు పట్టుకుని నోటితో గాలి తాగుతుంటే తనకి మెలకువ వచ్చింది, ఏమైంది అంటే ఏం లేదు, ఉక్కగా ఉంది, మీరు పడుకోండి, పొద్దున్నే డ్యూటీ కదా అంది, తను పడుకున్నాడు కూడా, సిగ్గులేకుండా, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, మెషిన్ లేకుండా ఒక్క రాత్రి కూడా గడవకూడదు, గుండె మీద పడుతుంది అని డాక్టరమ్మ చెప్పింది ఆవిడకి కాదు, తనకి, కళ్లలోకి చూసి మరీ.

ఆ గురక జబ్బని తెలియక ముందు ఎన్ని జోకులేశాడు, మా ఇంటికి దొంగలు రారండీ, లోపల పులి ఉందనుకుని గోడ మీంచే తిరిగిపోతారు అని చుట్టాలందరి ముందూ అంటే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అందరికంటే ఎక్కువ నవ్వింది, గురక విన్నాడు సరే, పడుకున్న ముఖం ఎప్పుడైనా చూశాడా, తను పక్క మీద వాలేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు, తను లేచేసరికి బల్ల మీద పొగలు కక్కే టీ, మూత బిగించిన అన్నం డబ్బా, మధ్యలో ఏముందో ఇరవై ఆరేళ్లుగా తనకి తెలియదు, డిపోలో నలభై ఇద్దరు డ్రైవర్ల విశ్రాంతి గంటలు మాత్రం నాలిక చివర ఉంటాయి, రాత్రి పదకొండుకి బస్సు దిగినవాడు ఆరింటికే మళ్లీ ఎక్కుతానంటే సంతకం పెట్టడు, పోరా నాయనా, పోయి పడుకుని రా, నీ వెనక యాభై ప్రాణాలు కూర్చుంటాయి అని తిట్టి పంపేస్తాడు, అలాంటి టైం కీపర్ ఇప్పుడు షాపు బల్ల దగ్గర తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు.

ఫోన్ చేస్తే ఆవిడ, ఉన్నట్టుండి నా నిద్ర మీద పడ్డారేంటి, నిద్రని గిన్నెతో కొలుచుకుంటామా ఏంటి, చిన్నది చాలు, పెద్దది మొయ్యకండి, అసలే మీ నడుం అంతంత మాత్రం, అనేసి అమ్మాయికిచ్చింది, ఉండు నాన్నా మెషిన్ తెర మీద చూసి చెప్తా, ఇదిగో, అమ్మ మెషిన్ పెట్టుకునేది పదకొండున్నరకి, నెల సగటు నాలుగు గంటల ఆరు నిమిషాలంట, పక్కన ఏడుపు మొహం బొమ్మ కూడా వేసింది, మెషిన్‌కి కూడా అమ్మ మీద అలకే, అని నవ్వింది, తనకి నవ్వు రాలేదు, నాలుగు గంటలంట అని షాపాయనకి చెప్పాడు, నాలుగేనా, అయితే మంచిదే సార్, ఈ చిన్నది సరిపోతుంది, మెషిన్‌లో గాలికి తేమ కోసం నీళ్లు వేడి చేసే డబ్బా ఆపుకుంటే ఇంకా ఎక్కువ సేపొస్తుంది అంటున్నాడు షాపాయన, మంచిదేనట.

పదకొండున్నరకి పడుకుంటే మూడూ ముప్పై ఆరు, నోటి లెక్క దానంతటదే అయిపోయింది, మూడున్నరకి ఆ ఇంట్లో ఎవరికి ఏం పని, అమ్మాయి కాలేజీ తొమ్మిదింటికి, పాలవాడొచ్చేది ఏడింటికి, ఐదింటికి డిపోలో ఉండాల్సింది తనొక్కడే, తన టీ, తన డబ్బా, తన చొక్కా ఇస్త్రీ, ఎందుకంత తొందరగా లేస్తావు అని ఒకసారి అడిగితే నాకు అలవాటైపోయిందండీ, నిద్ర పట్టదు అంది, నమ్మాడు, నమ్మితే సుఖంగా ఉంది గనక.

ఎనిమిది గంటలది ఇవ్వండి, అన్నాడు, వాడని దానికి బరువెందుకు సార్ అంటే, వాడుతుంది అన్నాడు, కరెంటు ఎప్పుడో ఒక రాత్రి పోతుంది, రోజూ మూడున్నరకి ఆ మెషిన్‌ని ఆపుతున్నది తను, దానికి ఏ షాపులోనూ బ్యాటరీ లేదు, రేపట్నించి టీ తనే పెట్టుకోవాలి, పొడి ఏ డబ్బాలో ఉంటుందో కూడా తెలియదు, ఆవిడనడిగితే లేచి కూర్చుంటుంది, వెతుక్కోవాలి, ఒక్కో మూతా మెల్లగా తీసి, చప్పుడు కాకుండా.