వకీలు అరుగు మీది గొర్లకాపరి

పొద్దున్నే వకీలు సోమయ్య తలుపు తీసేసరికి ఆయన రాసిన పాత్రలన్నీ అరుగు మీద కూర్చుని ఉన్నాయి. రోజూ ఉండే తలనొప్పే. భార్య అనంతమ్మ వాళ్లను కాళ్లు ముడుచుకొమ్మని కసిరి, అరుగు ఊడ్చి, తలా ఇంత అంబలి పోసింది.

పోలీస్ యాక్షన్ అయి ఏడాది తిరిగింది. కోర్టుల్లో ఇక ఉర్దూ నడవదని ఇబ్రహీంపట్నంలో చెప్పుకుంటున్నారు. సోమయ్యకు వచ్చిందల్లా ఉర్దూ చట్టం, అదీ అంతంతమాత్రం. అందుకే మద్రాసు కంపెనీకి సినిమా కథ రాయడానికి కూర్చున్నాడు. అలవాటు చెడ్డది. ప్రేమ ఘట్టంలో కూడా "సదరు నాయికకు తూర్పున బావి, పడమర నాయకుడు" అని హద్దులు రాశాడు. ప్రతి పాత్రకూ తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసం పెట్టాడు. అంత పక్కాగా రాశాక కాగితంలో ఎవరుంటారు? లేచి వచ్చేశారు. నాయిక సబ్బు అడుగుతుంది. విలన్ వాయిదా అడుగుతాడు.

మాట వినేది గొర్లకాపరి నారయ్య ఒక్కడే. చివరి సీనులో వాడు చెప్పే సాక్ష్యం మీదే సినిమా నిలబడాలి. రేపే కంపెనీ మనిషి వస్తున్నాడు.

అంతలో బాలనర్సమ్మ వచ్చి గడపలో కూలబడ్డది. చేపలు పట్టే ఆమె కొడుకు సైదులును, కమ్యూనిస్టు దళానికి అన్నం మోశాడని మిలిటరీవాళ్లు పట్టుకుపోయారు. మోశాడంటున్న ఆ సాయంత్రం అతను చెరువులో వల వేస్తుంటే ఊరంతా చూసింది. చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదు. కోర్టులో ఎవరూ చెప్పని ఆ ముచ్చటనే సోమయ్య సినిమాలో నారయ్య నోట పెట్టుకున్నాడు.

"ఇయ్యాల్నే విచారణ, తీర్పంట సాబ్. ఒక్క సాక్షి ఉంటే..."

"నేనేడికెల్లి తేవాలె? ఊర్ల ఒక్కనికి దమ్ము లేకపాయె!"

నారయ్య అంబలి ముంత కింద పెట్టి లేచాడు. "నేను జూసిన గద."

"నువ్వు జూసింది సినిమాల రా! కూసో!"

"సైదులన్న చెర్ల ఉన్నది అబద్ధమా?"

"కాదు."

"మరి లొల్లెందుకు?"

"కోర్టుల సాక్ష్యం చెప్తే మల్ల కాయితం మీదికి రావు. నా సినిమా ఏంగావాలె?"

బాలనర్సమ్మ ఆయన ముఖంలోకే చూస్తూ ఉంది. సోమయ్య జుట్టు పీక్కుందామనుకున్నాడు. అక్కడ పెద్దగా లేదు. విసురుగా నల్లకోటు తగిలించుకున్నాడు.

"నడువ్. అడిగినదానికే చెప్పు, డైలాగులు కొట్టకు."

విచారణలో తండ్రి పేరు, వయసు, వృత్తి గడగడా చెప్పాడు నారయ్య. నివాసం అడిగితే "వకీలు సాబ్ అరుగు" అన్నాడు. రాసుకున్నారు. సర్కారు వకీలు ఎంత గుచ్చినా చూసిందే చెప్పాడు. ఇన్నేండ్లలో సోమయ్య పాఠం చెప్పి తెచ్చిన సాక్షులందరూ తడబడ్డవాళ్లే. పుట్టనే పుట్టని వీడొక్కడు తడబడలేదు.

సైదులును వదిలేశారు.

ఇంటికొచ్చి చూస్తే నారయ్యా, వాడి గొర్లూ ఉండాల్సిన చివరి పేజీలు తెల్లగా ఉన్నాయి.

"రేపొచ్చేటాయనకు ఏం జూపెడ్తవయ్యా? సినిమా ఏమాయె?" అంది అనంతమ్మ.

సోమయ్య చెరువుకట్ట వైపు చెయ్యి చూపించాడు. ముందు తల్లీ కొడుకూ, వెనుక గొర్లను అదిలిస్తూ నారయ్య.

"అగో, నడుసుకుంట పోతున్నది" అన్నాడు చిరాగ్గా.